ఒక పుట్టినరోజు, 62 అరేపాలు: మా వంటింటి కేస్ స్టడీ

నేను హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను. ఇరవై ముప్పై మందికి ఇంటి భోజనం వండి ఇవ్వడం నా పని. పులిహోర, గుత్తి వంకాయ, గోంగూర మటన్ ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. పోయిన ఏడాది మాత్రం చేతికి అలవాటు లేని వంట ఒకటి ఒప్పుకున్నాను. ఒక బాబు మొదటి పుట్టినరోజు. తండ్రిది ఒంగోలు, తల్లిది వెనెజువెలాలోని మరకైబో. పెద్దవాళ్లు 28 మంది, పిల్లలు పది మంది దాకా వస్తారు. ఆ అమ్మాయి ఫోన్‌లో చెప్పింది ఇంతే: "మా అమ్మ వస్తోందక్కా. ఆవిడ ఇష్టంగా తినేలా అరేపాలు కావాలి. మా అత్తయ్యగారు కూడా తినగలగాలి."

ఆ చివరి మాటతోనే నాకు పని రెట్టింపయింది. వాళ్ల అత్తగారు బీఫ్ ముట్టరు. అరేపాలో పెట్టే కూరల్లో ఆ అమ్మాయి అడిగింది ‘కార్నె మెచాడా’, అంటే పోగులు పోగులుగా విడదీసిన బీఫ్. మూడు వారాల టైమ్ ఉంది. ఆ మూడు వారాల్లో ఏం చేశానో, ఏది చెడిందో, ఏది కుదిరిందో రాసిపెట్టుకున్నాను. ఇంట్లో చేసుకోవాలనుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని ఇక్కడ పెడుతున్నాను.

అరేపా అంటే మొక్కజొన్న పిండితో చేసే మందపాటి గుండ్రటి రొట్టె. అరచేయంత వెడల్పు, దాదాపు రెండు సెంటీమీటర్ల మందం. పైన పెంకులా గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. వేడి మీదే అంచు వెంట కత్తి పెట్టి చీల్చి, సంచిలా తెరిచి లోపల కూర నింపుతారు. కొలంబియాలోనూ ఉంది కానీ, ఇలా పొట్ట నిండా కూరేసి తినడం వెనెజువెలా వాళ్ల పద్ధతి. అక్కడి కుమనగోతో జాతివాళ్లు మొక్కజొన్నని ‘ఎరెపా’ అనేవారని, ఈ పేరు అందులోంచే వచ్చిందని చెబుతారు. పొద్దున టిఫిన్ అదే, రాత్రి భోజనమూ అదే. కేటీకి ‘కేటీజువెలా’ అని ముద్దుపేరు ఉంది. 2002-03లో వెనెజువెలా ప్రభుత్వ చమురు కంపెనీలో సమ్మె జరిగాక వేల మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో చాలామంది హ్యూస్టన్ చుట్టుపక్కలకి వచ్చి స్థిరపడ్డారు. అందుకే కావలసిన సామాన్లన్నీ నాకు పది నిమిషాల దూరంలోనే దొరికాయి. దొరకనిది చేతి ఒడుపు ఒక్కటే.

పిండి, నీళ్లు

మాది పల్నాడు. నానమ్మ జొన్నరొట్టె కొట్టడం చూస్తూ పెరిగాను. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతాం. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురొస్తుంది, రొట్టె విరగదు. మొక్కజొన్నకీ సాగే గుణం లేదు కదా, ఇదీ అంతే అనుకున్నాను. పావుకిలో పిండిలో మరిగే నీళ్లు పోశాను. పోసీ పోయగానే పైపైన జిగురు ముద్దలు కట్టాయి. ముద్ద చిదిమితే లోపల పొడిపిండి. ఎంత పిసికినా చేతికి అంటుకోవడమే గానీ ఉండ నున్నగా రాలేదు. ఆ పావుకిలో పిండీ పారేయాల్సి వచ్చింది.

కారణం తర్వాత అర్థమైంది. అరేపా పిండి పచ్చి పిండి కాదు. గింజ పొట్టు తీసి, ఉడికించి, ఆరబెట్టి, పొడి చేసిన పిండి. మనం వేడినీళ్లతో చేయించే పని అప్పటికే ఫ్యాక్టరీలో అయిపోయింది. ఇప్పుడు దానికి కావలసింది వేడి కాదు, తడి పీల్చుకునే టైమ్. గోరువెచ్చటి నీళ్లు చాలు.

ఈ పిండి రాకముందు వెనెజువెలా ఆడవాళ్లు పడిన కష్టం మనవాళ్లకు చెప్పక్కర్లేదు. పెద్ద చెక్క రోట్లో గింజలు దంచి పొట్టు తీయాలి, ఉడికించాలి, రుబ్బాలి, ఆ తర్వాత గానీ రొట్టె చేయడానికి లేదు. రోజూ తినే తిండికి రోజూ ఇంత చాకిరీ. 1954లో లూయిస్ కబయేరో మెహియాస్ అనే ఇంజనీర్ ఉడికించిన మొక్కజొన్న పిండికి పేటెంట్ తీసుకున్నారు. 1960లో పోలార్ అనే కంపెనీ ‘పాన్’ పేరుతో ఆ పిండిని మార్కెట్లోకి తెచ్చింది. పోలార్ 1941లో బీరు తయారీతో మొదలైన కంపెనీ. పాన్ అంటే స్పానిష్‌లో రొట్టె. పాకెట్ మీద మాత్రం చుక్కలు పెట్టి, ‘జాతీయ ఆహార ఉత్పత్తి’ అనే మాటలకు పొడి అక్షరాలుగా రాస్తారు. పసుపుపచ్చ పాకెట్, తలకి చుక్కల గుడ్డ కట్టుకున్న ఆడమనిషి బొమ్మ. ఇక్కడి వెనెజువెలా ఇంట్లో ఏ అల్మరా తెరిచినా అది కనిపిస్తుంది.

ఇక్కడ పొరపాటు పడే వాళ్లు ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మొక్కజొన్న పిండి పేరుతో అంగట్లో నాలుగు రకాలు దొరుకుతాయి. మన ఊళ్లో కార్న్‌ఫ్లోర్ అని అమ్మేది గంజి పొడి. అది మంచూరియాకి తప్ప దీనికి పనికిరాదు. మక్కీ రోటీ చేసే పసుపు పిండి పచ్చిది. రొట్టె అవుతుంది గానీ అరేపా కాదు, చీల్చేటప్పుడు రెండు ముక్కలవుతుంది. మెక్సికో వాళ్ల టోర్టియా పిండి సున్నపు నీళ్లలో ఉడికించిన గింజలది. రెండో ప్రయత్నంలో తొందరపడి నేను తెచ్చింది అదే. రొట్టె బాగానే వచ్చింది, కానీ నోట్లో పెట్టుకుంటే సున్నపు వాసన, టోర్టియా రుచి. నాలుగోది మనకు కావలసిన ఉడికించిన పిండి. పాకెట్ మీద ‘ముందే ఉడికించినది’ అని ఉందో లేదో చూసి కొనండి.

సరైన పిండితో మూడోసారి చేస్తే అంచులన్నీ ఎండాకాలం చెరువు అడుగులా బీటలు వారాయి. నీళ్లు తక్కువయ్యాయని ఇంకాస్త పోశాను. పెనం మీద వేయగానే పల్చబడి సాగిపోయింది. అసలు తప్పు నీళ్ల కొలతలో లేదు, నా తొందరలో ఉంది. కలిపిన వెంటనే పిండి పల్చగా, చిత్తడిగా కనిపిస్తుంది. పది నిమిషాలు తడిబట్ట కప్పి వదిలేస్తే నీళ్లు లోపలికి పోయి గట్టిపడుతుంది. అప్పుడు చూసుకుని చేయి తడి చేసుకుంటూ సరిచేసుకోవాలి. కలపగానే చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

చివరికి నాకు నిలిచిన కొలత ఇది. 500 గ్రాముల పిండికి 900 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు, రెండు టీస్పూన్ల ఉప్పు, ఒక టేబుల్‌స్పూన్ నూనె. ముందు వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి ఉప్పు కరిగించాలి. అందులోకి పిండిని వానజల్లులా చల్లుతూ వేళ్లతో తిప్పాలి. పిండిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది, నీళ్లలో పిండి వేస్తే కట్టదు. పది నిమిషాలు ఆగి, మూడు నాలుగు నిమిషాలు పిసికితే బొబ్బట్ల పూర్ణం ఉండ కట్టేటప్పుడు ఎలా ఉంటుందో అలా చేతికొస్తుంది. మెత్తగా ఉంటుంది, అరచేతికి అంటదు.

నాలుగోసారి బీటలు రాలేదు కానీ లోపల పచ్చిగా ఉంది. మూడు సెంటీమీటర్ల మందం పెట్టడమే కారణం. పైన మాడుతున్నా నడుమకి వేడి చేరలేదు. రెండు సెంటీమీటర్లకి దిగాను.

సెన్యోరా చెయ్యి

పార్టీకి వారం ముందు ఆ అమ్మాయి వాళ్ల అమ్మ వచ్చారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ అంతంత మాత్రం. కూతురు ఫోన్ స్పీకర్‌లో ఉండి చెబుతుంటే ఒక మధ్యాహ్నమంతా మా వంటింట్లో నిలబడ్డాం. నేను ఆవిడని సెన్యోరా అని, ఆవిడ నన్ను ‘మీహా’ అని పిలుచుకున్నాం. సెన్యోరా అంటే ‘అమ్మగారు’ అని, మీహా అంటే ‘నా కూతురా’ అని.

ఆవిడ నేను కలిపిన పిండిని చూపుడువేలితో ఒకసారి నొక్కి చూసి తల ఊపారు. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టమన్నారు. చేతులు ముంచి విదిలించి, నిమ్మకాయ కంటే పెద్ద ముద్ద తీసుకుని గుండ్రంగా చుట్టారు. తర్వాత రెండు అరచేతుల మధ్య మెల్లగా తడుతూ, తట్టిన ప్రతిసారీ కాస్త తిప్పారు. ఉండ చూస్తుండగానే బిళ్ల అయింది. అంచున సన్నగా గీత పడితే చాలు, తడి బొటనవేలితో చుట్టూ ఒకసారి రాస్తారు. కుమ్మరి కుండ మూతిని నున్నగా చేస్తున్నట్టే ఉంది. నేను ఆ అంచుని పట్టించుకోలేదు. పెనం మీద మొదట విచ్చుకునేది ఆ అంచే. అక్కడ చిన్న బీట ఉంటే లోపలి ఆవిరి అందులోంచి పోతుంది. ఆవిరి నిలవకపోతే లోపల పొర విడదు, పొర విడకపోతే కూర పెట్టడానికి సందు రాదు.

వాళ్లు కాల్చే పెనాన్ని ‘బుదారె’ అంటారు. పూర్వం మట్టిది, ఇప్పుడు ఎక్కువగా ఇనుముది. నా దగ్గర ఉన్న దోసెల ఇనప పెనం చూసి సెన్యోరా ఇదే బుదారె అన్నారు. మంట మధ్యరకంగా ఉండాలి, నూనె అంటీ అంటనట్టు రాయాలి. బిళ్ల వేశాక ఐదారు నిమిషాలు ముట్టుకోకూడదు. అడుగున పెంకు కట్టాక అదే పెనాన్ని వదులుతుంది. వదలకముందే అట్లకాడ దూర్చితే పెంకు పెనానికే ఉండిపోతుంది. రెండో వైపు కూడా అంతే. రెండు వైపులా గోధుమరంగు మచ్చలు పడ్డాక 350 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో, అంటే సుమారు 175 సెల్సియస్‌లో, జాలీ మీద నేరుగా పెట్టి 15 నుంచి 18 నిమిషాలు ఉంచాలి. ఓవెన్ లేకపోతే పెనం మీదే సన్నటి మంటన ఇంకో పన్నెండు నిమిషాలు తిప్పుతూ కాల్చుకోవచ్చు.

అయిందని ఎలా తెలుస్తుంది? నేను టైమర్ పెట్టుకున్నాను. సెన్యోరా ఒకదాన్ని గుడ్డతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, గోటి వెనకవైపుతో తట్టారు. నాకు అందించి నన్నూ తట్టమన్నారు. పచ్చిది తడితే ముద్దని కొట్టినట్టు శబ్దం లోపలే ఆగిపోతుంది. ఉడికినదైతే డొల్లగా పలుకుతుంది. అంగట్లో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అదే శబ్దం. ఆ రోజు నుంచి టైమర్‌ని నేను గుర్తు చేసే గంటగానే వాడుతున్నాను, నిర్ణయం మాత్రం చెవిదే.

మాంసం

మెచాడాకి పొట్ట పక్క కండ కావాలి. ఇక్కడ ఫ్లాంక్ అంటారు, సెన్యోరా ‘ఫాల్దా’ అన్నారు. ఈ కండలో పోగులు పొడవుగా, ఒకే వరుసలో ఉంటాయి. అందుకే ఉడికాక దారాల్లా విడిపోతుంది. రెండు కిలోలు తెచ్చాను. వండే ముందు దాన్ని పోగులకి అడ్డంగా ఏడెనిమిది సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. మీరు ఎంత పొడవు ముక్క కోస్తే రేపు పోగు అంత పొడవు వస్తుంది. మొదటిసారి కోయకుండా వండితే జానెడు పొడవు పోగులు వచ్చాయి. అరేపా కొరికితే కూరంతా ఒక్క లాగులో బయటికి వచ్చేసింది.

ముక్కలు మునిగే వరకు నీళ్లు పోసి, సగం ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, బిరియానీ ఆకు, ఉప్పు వేసి రెండున్నర గంటలు ఉడికించాను. పెద్దగా తెర్లకూడదు. గిన్నె అంచున చిన్న బుడగలు మాత్రం వస్తూ పోతూ ఉండాలి. పోగుల్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం కరిగి మెత్తటి జెలటిన్‌గా మారడానికి వేడితోపాటు టైమ్ కూడా పడుతుంది. గిన్నెలో మంట పెంచినా ఆ పని పెద్దగా త్వరపడదు, పోగులు బిగుసుకుని రసం బయటికి పోతుంది. చాలా వెనెజువెలా ఇళ్లలో ప్రెషర్ కుక్కర్‌లోనే వండుతారు, అందులో తప్పేం లేదు. నేను కూడా ఒకసారి 45 నిమిషాలు కుక్కర్‌లో పెట్టి చూశాను. మెత్తగా ఉడికింది కానీ విడదీస్తుంటే పోగులు చిన్నచిన్నగా తెగిపోయాయి. నాకు పొడవాటి పోగే కావాలనిపించింది, అందుకే గిన్నెకే ఓటు వేశాను.

ఉడికాక మాంసాన్ని ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. బయటికి తీసి పళ్లెంలో పెడితే అరగంటలో పైన ఎండిపోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు చేత్తో విడదీయడం తేలిక. వండిన నీళ్లు ఒక్క చుక్క కూడా పారబోయకండి, మరునాటికి అవే ఆధారం.

ఇక తాలింపు. వాళ్ల దగ్గర ‘ఒనోతో’ గింజలు వాడతారు. మన దగ్గర జాఫ్రా గింజలంటాం, అవే. సన్నసెగన నూనెలో వేస్తే నారింజ రంగు దిగుతుంది. అర నిమిషం ఎక్కువైనా చేదెక్కుతుంది కాబట్టి రంగు రాగానే వడకట్టాలి. ఆ నూనెలో నాలుగు పెద్ద ఉల్లిపాయలు, పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎర్ర క్యాప్సికం, పదిహేను ‘అహీ దుల్సె’ సన్నగా తరిగి వేశాను. అహీ దుల్సె అంటే తీపి మిరప. చూడ్డానికి హబనేరో అనే బాగా కారమున్న మిరపలా ముడతలు పడి ఉంటుంది. అదే జాతి, అదే ఘాటైన వాసన, కారం మాత్రం దాదాపు ఉండదు. ఈ వంటకి వెనెజువెలా వాసన ఇచ్చేది అదే. ఆ తర్వాత ఆరు పండు టమాటాలు, రెండు టీస్పూన్ల జీలకర్ర పొడి, మూడు టేబుల్‌స్పూన్ల వూస్టర్ సాస్. చివరికి విడదీసిన మాంసం, దాచిన నీళ్లు 400 మిల్లీలీటర్లు. సన్నసెగన 40 నిమిషాలు.

నా చెయ్యి అలవాటుగా అల్లం, ధనియాల పొడి, కారం డబ్బాల వైపు వెళ్లింది. ట్రయల్ రోజు కొంచెం కొంచెం వేశాను కూడా. సెన్యోరా తిని, "చాలా రుచిగా ఉంది మీహా, కానీ ఇది మెచాడా కాదు" అన్నారు. ఆవిడ మాట నిజం. ధనియాలు పడగానే తీపి మిరప వాసన పూర్తిగా అణిగిపోయింది. పార్టీకి వాటిని వేయలేదు.

మేక మాంసం విషయంలో నాకు పెద్ద ఆశ్చర్యమే ఎదురైంది. అత్తగారి కోసం మేకతో చేస్తానని చెబుతుంటే, అరేపాలో అది పెట్టడం వాళ్లకి వింతగా ఉంటుందేమో అని సందేహపడ్డాను. సెన్యోరా నవ్వి, "మా తూర్పు వైపు ‘తల్కారి దె చివొ’ ఉంది కదా" అన్నారు. చివొ అంటే మేక. తల్కారి అంటే మన తర్కారీయే! హైదరాబాద్ పాతబస్తీలో కూరగాయలకి అదే మాట వినిపిస్తుంది. 1845 నుంచి 1917 వరకు కూలి ఒప్పందాల మీద భారతదేశం నుంచి జనాన్ని ట్రినిడాడ్ దీవిలోని చెరకు తోటలకు తీసుకెళ్లారు. ట్రినిడాడ్‌కి ఎదురుగా, చిన్న సింధుశాఖ అవతలే వెనెజువెలా పారియా తీరం. అలా ఆ కూర, ఆ మాట సముద్రం దాటి గ్విరియా లాంటి ఊళ్లకి చేరాయి. గనుల ఊరు ఎల్ కయావోలో కూడా ఆ కూర చేస్తారు. భోజ్‌పురి వాళ్లు మోసుకెళ్లిన మాట మరకైబో ఆవిడ నోట కేటీలో నా పొయ్యి పక్కన వినడం నాకు ఒళ్లు జలదరించిన క్షణం.

అందుకే మేక మాంసానికి మాత్రం పసుపు, ధనియాలు, జీలకర్ర, అల్లం సంకోచం లేకుండా వేశాను. ఎముకతో సహా మూడు కిలోల భుజం, తొడ మాంసం మూడు గంటలు ఉడికించి, ఎముకలు తీసేశాను. మేక పోగులు పొట్టివి, దారాల్లా రావు. బలవంతంగా విడదీస్తే పొడి పొడి అవుతుంది, వేలి కణుపంత ముక్కలుగా వదిలేయడమే మంచిది. బీఫ్‌కి, మేకకి గిన్నెలు, గరిటెలు, చివరికి చీల్చే కత్తులు కూడా వేరువేరుగా పెట్టాను. ఈ సంగతి ముందే పిన్నిగారికి, అంటే ఒంగోలు నుంచి వచ్చిన అత్తగారికి, చూపించి చెప్పాను. ఆవిడ టెన్షన్ సగం అక్కడే పోయింది.

శాకాహారులకు నల్ల చిక్కుడు గింజలు, పైన తురిమిన తెల్ల చీజ్. ఈ జోడీని నలుపు తెలుపుల వల్ల ‘డొమినో’ అంటారు. అరకిలో గింజలు రాత్రి నానబెట్టి ఉడికిస్తే సరిపోయాయి. వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది, దీంట్లో వేయకూడదు.

పార్టీ రోజు

శుక్రవారం సాయంత్రానికే రెండు మాంసాలూ, గింజలూ తయారుగా ఉన్నాయి. మాంసం ముందు రోజు వండి, అరేపా వడ్డించే గంటలో కాల్చాలి. ఈ వరుస తిరగబడితే రెండూ పాడవుతాయి. ఒక్కోటి 90 గ్రాముల ముద్ద చొప్పున లెక్క వేస్తే రెండు కిలోల పిండి, 3.6 లీటర్ల నీళ్లకి 62 వచ్చాయి. పిండి ఒకేసారి కలపలేదు. అరకిలో చొప్పున నాలుగుసార్లు కలిపాను. కలిపిన పిండి కూర్చున్నకొద్దీ నీళ్లు పీల్చుకుంటూనే ఉంటుంది, గంట దాటితే మళ్లీ బీటలు మొదలవుతాయి. రెండు పెనాలు, పెనానికి ఐదు.

పదింటికి మొదలుపెట్టాను. పదకొండింటికి మొదటి ఇరవై ఓవెన్‌లోంచి బయటికొచ్చాయి. ఒక్కోటీ తడితే డొల్లగా పలికింది. ఆ సంతోషంలో, మన చపాతీల అలవాటు కొద్దీ, వాటిని హాట్‌ప్యాక్‌లో పేర్చి మూత పెట్టాను. ఇరవై నిమిషాల తర్వాత తీసి చూస్తే గుండె జారిపోయింది. మూతకి నీటి బొట్లు, పెంకు మొత్తం తోలులా మెత్తబడి ఉంది. చపాతీ మెత్తగా ఉండాలని ఆవిరిని దాస్తాం. అరేపాకి ఆవిరి లోపలే ఉండాలి, పైన తగలకూడదు. ఇరవై పారేసి మళ్లీ చేసేంత టైమ్ లేదు.

మూత తీసి ఐదు నిమిషాలు జాలీ మీద విడివిడిగా ఆరనిచ్చాను. తర్వాత 375 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు పెట్టాను. పెంకు తిరిగి వచ్చింది. మొదటంత సన్నగా లేదు, కాస్త మందంగా, బిస్కెట్‌లా వచ్చింది, కానీ తినేవాళ్లు తేడా పట్టలేదు. మిగతా వాటిని వెదురు బుట్టలో పల్చటి నూలుగుడ్డ పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా నిలువుగా ఆనించి, గుడ్డ వదులుగా కప్పాను. గుడ్డ ఆవిరిని పీల్చుకుంటుంది, వేడిని నిలుపుతుంది. సెన్యోరా ఇంట్లో ఎప్పుడూ గుడ్డలోనే చుడతారట. నేనే ఆ సంగతి అడగలేదు.

రెండో చిక్కు మాంసంతో వచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసిన బీఫ్ వేడి చేస్తే రసమంతా ఇగిరిపోయి పోగులు బిరుసెక్కాయి. దాచిన నీళ్లు కప్పు పోసి మూత పెట్టి పది నిమిషాలు మగ్గనిస్తే తిరిగి మెత్తబడింది. కానీ తడి మరీ ఎక్కువైనా కష్టమే. అరేపా లోపలి మెత్తటి పొర రసాన్ని పీల్చేసి, తినేలోపు అడుగు విడిపోతుంది. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే, ఆ గీత ఒక్క క్షణం నిలిచి మెల్లగా మూసుకోవాలి. వెంటనే మూసుకుంటే రసం ఎక్కువ, అలాగే ఉండిపోతే తక్కువ.

చీల్చడం వడ్డించే దగ్గరే పెట్టాను. అంచులో ముప్పావు వంతు కోసి, లోపల కొంచెం వెన్న రాసి, 60 గ్రాముల కూర. అదనంగా పసుపు చీజ్ తురుము అడిగిన వాళ్లకి వేశాం. బీఫ్ మీద ఆ చీజ్ పడితే దాని పేరు ‘పెలూవా’, అంటే జుట్టు ఎక్కువున్నది. పోగులు, తురుము కలిసి అలాగే కనిపిస్తాయి. తాగడానికి ‘పాపెలోన్’ నిమ్మరసం పెట్టాం. పాపెలోన్ అంటే బెల్లమే. మిరియాలు, యాలకులు లేని పానకం అనుకోండి. పిన్నిగారు ఆ గ్లాసు అందుకుని, "శ్రీరామనవమి ఇక్కడికి కూడా వచ్చిందే అమ్మాయ్" అన్నారు.

62లో 55 అయిపోయాయి. అందరికంటే ముందు అయిపోయింది మేక మాంసం. వెనెజువెలా వాళ్లే రెండోసారి అదే అడిగారు. డొమినో పిల్లలు తినేశారు. బీఫ్ దాదాపు 400 గ్రాములు మిగిలింది. సెన్యోరా ఒక పెలూవా, ఒక మేక తిన్నారు. పెంకు బాగుందన్నారు, పిండిలో ఉప్పు కాస్త తగ్గిందన్నారు. నిజమే, కూరలో ఉప్పు ఉంది కదా అని నాలుగో విడతలో నేనే తగ్గించాను. కూర ఎంత ఉప్పగా ఉన్నా రొట్టె చప్పగా ఉంటే తెలిసిపోతుంది. పిన్నిగారు ఒకటి పూర్తిగా తిని, రెండోది కూర లేకుండా ఒట్టి రొట్టె వేయించుకుని, "ఇది మన జొన్నరొట్టెకి చుట్టమే" అన్నారు.

నలుగురున్న ఇంటికి అయితే 300 గ్రాముల పిండి, 540 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక టీస్పూన్‌కి కాస్త ఎక్కువ ఉప్పు తీసుకోండి. 90 గ్రాములవి తొమ్మిది వస్తాయి. మాంసం ముప్పావు కిలో చాలు. మాంసం శనివారం రాత్రి వండి, ఆదివారం మధ్యాహ్నం అరేపాలు కాల్చుకుంటే ఎక్కడా హడావుడి ఉండదు. కోడి మాంసంతో చేసుకోవాలంటే ఉడికించి విడదీసి, అవకాడో, మయోనీస్ కలిపితే ‘రేయినా పెపియాదా’ అవుతుంది. 1955లో వెనెజువెలా అమ్మాయి మిస్ వరల్డ్ గెలిచినప్పుడు ఆమె గౌరవార్థం కరాకస్‌లో పుట్టిన పేరు అది. మిగిలిన అరేపాలు మరునాడు పనికొస్తాయి. చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున పెనం మీద మూత లేకుండా వేడి చేసి గుడ్డు పొరటుతో తినొచ్చు.

పిన్నిగారు ఒంగోలు వెళ్లాక ఫోన్ చేశారు. అక్కడ ఈ పిండి దొరకలేదట. ఎలా అని ఇద్దరం ఆలోచించి పాత పద్ధతికే వెళ్లాం. మొక్కజొన్న నూక రాత్రంతా నానబెట్టి, మునివేళ్లతో చిదిమితే నలిగేంత మెత్తగా ఉడికించి, నీళ్లు పూర్తిగా వడకట్టి, చల్లారాక విడిగా నీళ్లు పోయకుండా మిక్సీలో కొంచెం కొంచెంగా తిప్పారు. ముద్ద కాస్త గరుకుగా వచ్చినా ఉండ కట్టింది, పెనం మీద పెంకు కూడా కట్టింది. నూకలో మిగిలిన పొట్టు వల్ల రెండు చోట్ల అంచు విచ్చుకుందట. ఈసారి నానబెట్టిన నూకని బియ్యం కడిగినట్టు నాలుగైదుసార్లు రుద్ది కడిగి, పైకి తేలిన పొట్టు వంపేసి చేయమని చెప్పాను. వచ్చే ఆదివారం చేసి చూస్తానన్నారు.